బందీల కొఱకు పాటయు, నవ్వును

మన యిండ్లలో నొక మర్యాద కలదు. పొరుగింట విపత్తు సంభవించినప్పుడు మన యింట మేళతాళములు మ్రోగవు. వీధిలో శవము లేచువఱకు పొయ్యి రాజవేయుటకు సైతము మనకు మనసొప్పదు. పెండ్లివారైనను ఆ గడప దాటునంతవఱకు బాజాలు నిలిపి మెల్లగా నడచిపోవుదురు. ఇతరుల దుఃఖము నెదుట నవ్వరాదనుట మన తల్లులు మనకు నేర్పిన మొదటి పాఠములలో నొకటి.

అట్టి మర్యాదలో పెరిగిన సోదరీమణులకు, చెఱసాలలలో మ్రగ్గుచు హింసల పాలగుచున్న వారి పేర ఒక మహానగరమున నాటకశాలను గైకొని, ప్రసిద్ధ హాస్యనటులను పిలిచి, జనులు కడుపుబ్బ నవ్వునట్లు చేసి, గిటారులు మీటి పాటలు పాడిరని చెప్పినచో వింతగా దోపక మానదు. మాకును మొదట వింతగనే తోచినది. అయినను ఆ ప్రదర్శనముల చరిత్రను పరిశీలించిన పిమ్మట మా యభిప్రాయము మారినది. అది యెట్లు మారినదో విన్నవించుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

క్రొవ్వొత్తియు, ముండ్లతీగయు

ఈ కథకు మూలము లండను నగరమున నున్నది. పీటర్ బెనెన్‌సన్ అను న్యాయవాది భూగర్భపు రైలులో పోవుచు వార్తాపత్రికలో నొక వార్త చదివెనట. పోర్చుగల్ దేశమున నిద్దఱు విద్యార్థులు స్వాతంత్ర్యమునకు జయము కోరుచు పానపాత్ర లెత్తినందులకు వారికి ఏడేండ్ల చెఱ విధింపబడెనని యందుండెనట. ఈ వృత్తాంతమును ఆయనయే పిమ్మట పలుమాఱు చెప్పుచుండెడివాడు. ఆ దుఃఖమును దిగమ్రింగి యూరకుండక, ఆయన 1961వ సంవత్సరము మే నెల 28వ తేదీ ఆదివారమున "అబ్జర్వర్" పత్రికలో "మఱవబడిన ఖైదీలు" అను వ్యాసము ప్రకటించెను. తమ మతమునో, మతభేదమునో, రాజకీయాభిప్రాయమునో నోరు విప్పి చెప్పినంతమాత్రమున బందీలైన వారి ముచ్చట అందు గలదు. అట్టివారి విడుదల కొఱకు ఒక యేడాదిపాటు పాటుపడుదము రండని ఆయన పాఠకులను పిలిచెను. ఆ యేడాది పని యిప్పటికిని ముగియలేదు. అదియే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అను సంస్థ యైనది.

ఆ వ్యాసమున నార్గురు బందీల కథ లుండెను. అందొకడు అంగోలా దేశపు వైద్యుడును కవియునగు అగొస్టీన్యో నేటో. 1975లో ఆ దేశము స్వతంత్రము కాగా ఆయనయే ప్రథమాధ్యక్షుడయ్యెను. మఱియొకడు గ్రీసు దేశపు నావికుల సంఘ నాయకుడు టోనీ అంబాటియెలోస్. ఆయన 1947వ సంవత్సరము మొదలు చెఱలో నుండెను. ఆయన భార్య బెట్టీ వేల్సు దేశపు ఆడుబిడ్డ. భర్త చెఱలోనున్న యేండ్లన్నియు ఆమె యూరికూరికి దిరిగి, సభలలో మాటలాడి, గ్రీసు రాణి లండనుకు వచ్చినప్పుడు వీధిలోనే యెదుర్కొని, తన పెనిమిటిని విడువుమని యడిగెను. 1964లో ఆయన విడుదలయ్యెను. సావిత్రి కథ చెప్పుకొను మన సోదరీమణులకు ఆమె పట్టుదల యెట్టిదో వేఱుగ వివరింప బనిలేదు.

ఈ సంస్థ పనిచేయు విధానము మిక్కిలి సాధారణమైనది, ఇండ్లలో గూర్చుండి చేయదగినది. ఒక పేటలోని వారు కొందఱు కలసి యొక చిన్న బృందముగా నేర్పడుదురు. ఆరంభ దినములలో ప్రతి బృందమునకును ముగ్గురు బందీల పేర్లు వచ్చెడివి. ఒకడు పాశ్చాత్య రాజ్యముల చెఱలోనివాడు, ఒకడు కమ్యూనిస్టు రాజ్యముల చెఱలోనివాడు, మూడవవాడు తక్కిన దేశములవాడు. ఒక పక్షమును కాచి యింకొక పక్షమును దూఱుచున్నారను నింద రాకుండుటకే యీ యేర్పాటు. బలప్రయోగము చేసినవాడుగాని, చేయుమని యితరులను ప్రేరేపించినవాడుగాని యీ జాబితాలో చేరడు. ఆ బృందములోని వారు భోజనాల బల్లమీద కాగితము పఱచుకొని మంత్రులకును, చెఱసాలాధికారులకును, న్యాయమూర్తులకును మర్యాదగా జాబులు వ్రాయుదురు. ఫలానావాని నేల బంధించితిరి? వాని యారోగ్య మెట్లున్నది? విచారణ యెప్పుడు? అంతియే.

ఒక్క జాబు వలన నేమగునని యడుగవచ్చును. ఒక్క జాబు వలన నేమియు గాదు. కాని ప్రతిదినము తపాలాసంచిలో నూఱు జాబులు వచ్చి పడుచుండినచో, ఆ బందీని లోకము మఱవలేదని చెఱసాలవానికి దెలియును. 1973 మార్చి నెలలో బ్రెజిల్ దేశమున బందీయైన లూయిస్ రొస్సీ అను ఆచార్యుని కొఱకు ఈ సంస్థ మొదటిసారి "తక్షణ చర్య" యని జాబుల వెల్లువ బంపెను. ఆయన బ్రదికి బయటపడెను. తన సంగతి బయటి లోకమునకు దెలిసినదని యెఱిగిన క్షణముననే, ఇక తన్ను చంపలేరని తోచెనని ఆయన పిమ్మట చెప్పెను.

డయానా రెడ్‌హౌస్ అను చిత్రకర్త్రి యీ సంస్థకు ముద్ర వ్రాసి యిచ్చెను. ముండ్లతీగ చుట్టుకొనిన క్రొవ్వొత్తి యది. చీకటిని తిట్టుచు గూర్చుండుటకంటె చిన్న దీపము వెలిగించుట మేలను సామెత యీ ముద్రకు మూలము.

మూడు రాత్రుల నవ్వు

జాబులకు తపాలాబిళ్ళలు కావలెను. విచారణకు దూరదేశములకు మనుష్యులను పంపవలెను. ఇందుల కన్నిటికి ద్రవ్యము కావలెను. ఈ సంస్థ ప్రభుత్వముల నిందించు పని చేయునది గనుక ఆ పనికి ప్రభుత్వములను యాచింపరాదు. 1976వ సంవత్సరమున సంస్థకు పదునైదేండ్లు నిండుచుండగా, పీటర్ లఫ్ అను కార్యకర్తయు, హాస్యనటుడు జాన్ క్లీజును కలసి యొక యాలోచన చేసిరి. క్లీజు "మాంటీ పైథాన్" అను హాస్యబృందములోనివాడు. టెలివిజన్ మూలమున ఆంగ్లదేశమునందు ఆ బృందమును ఎఱుగని యిల్లు లేదు. ఆయన తన మిత్రులను కొందఱిని పిలిచెను. వారు తమ మిత్రులను బిలిచిరి.

ఇట్లు ఏప్రిల్ 1, 2, 3 తేదీలలో లండనులోని హర్ మెజెస్టీస్ థియేటరున మూడు రాత్రులు ప్రదర్శనములు జరిగెను. పీటర్ కుక్, ఆలన్ బెన్నెట్, జోనథన్ మిల్లర్, మైకేల్ పేలిన్, టెర్రీ జోన్స్, ఎలియనర్ బ్రాన్ మొదలగువారు పాల్గొనిరి. పైథాన్ బృందములో నొకడు రాలేకపోగా వాని వేషమును పీటర్ కుక్ ధరించెను. ఆ రాత్రుల సన్నివేశములను చలనచిత్రముగ దీసి, దానికి పెట్టిన పేరు వినదగినది. ఆంగ్లదేశపు న్యాయస్థానములలో, కొందఱు నేరస్థులను గడువు చెప్పక "రాణిగారి చిత్తము వచ్చినంతకాలము" చెఱలో నుంచుడని తీర్పు చెప్పు పలుకుబడి యప్పుడుండెను. ఆ మాటలనే తలక్రిందు చేసి, రాణిగారి పేరుగల నాటకశాలలో గలిగిన "చిత్తోల్లాసము" అనునర్థము వచ్చునట్లు పేరుపెట్టిరి. చెఱసాల మాటయే నవ్వుగా మాఱినది.

అందు ప్రదర్శించిన ప్రహసనములలో మిగుల ప్రసిద్ధమైనది చిలుక ప్రహసనము. ఒకడు తాను కొనిన చిలుక చచ్చియున్నదని అంగడికి దెచ్చి చూపును. అంగడివాడు అది చావలేదనియు, విశ్రమించుచున్నదనియు, ఏదో బెంగ పెట్టుకొని యూరకున్నదనియు బుకాయించును. కొనినవాడు దానిని బల్లకేసి కొట్టి చూపినను వాడు తన మాట మార్చడు. ఇది కేవలము పిచ్చి వేడుక. పసిపిల్లలు సైతము నవ్వుదురు. కాని యెక్కడనో యొక భార్య చెఱసాల గుమ్మము కడ నిలుచుండి, నా భర్త యెట్లున్నాడని యడుగగా, "ఆయన కులాసాగానే యున్నాడు, విశ్రమించుచున్నాడు, నీవింటికి పొమ్ము" అని యధికారి చెప్పు మాటకును ఈ యంగడివాని మాటకును ఎంత దూరము గలదు? రచయితలు దీనిని తలచి వ్రాసియుండరు. అయినను ఆ సభలో గూర్చుండి చూచినప్పుడు ఈ పోలిక తట్టక మానదని మా కనిపించును.

ఆ దినములలో మన దేశము

ఆ మూడు రాత్రులు లండనులో జనులు నవ్వుచుండగా, మన దేశమున ఆత్యయిక పరిస్థితి నడచుచుండెను. 1975 జూన్ 25 మొదలు 1977 మార్చి 21 వఱకు అది యుండెను. వేలకొలది జనులు విచారణ లేకయే బందీలైరి. పత్రికలపై ముందుగా పరిశీలించు అధికారి కత్తెర యాడెను.

లండను ప్రదర్శనము జరిగిన మఱుసటి నెల, 1976 మే మాసమున, స్నేహలతారెడ్డిని బంధించి బెంగుళూరు చెఱసాలలో నుంచిరి. ఆమె మన తెలుగువారి కోడలు. "ఫిడేలు రాగాల డజన్" వ్రాసిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డిగారి భార్య. మదరాసులో నాటకసమాజము స్థాపించిన వారిలో నొకతె. పట్టాభిగారు తీసిన "సంస్కార" అను కన్నడ చిత్రమున నాయికగా నటించి పేరు పొందినది. ఆమెకు ఉబ్బసపు వ్యాధి గలదు. ఎనిమిది మాసములకు పైగా విచారణ లేక చెఱలోనుంచి, దేహము పూర్తిగా క్షీణించిన పిమ్మట 1977 జనవరి 15వ తేదీన పెరోలుమీద విడిచిరి. అయిదు దినములకు ఆమె కన్నుమూసెను. ఆమె చెఱలో వ్రాసికొనిన దినచర్య తరువాత ప్రకటితమైనది.

ఒక నటి రంగస్థలముమీద స్వేచ్ఛగా నవ్వించుచున్న యా యేడే, మఱియొక నటి ఊపిరి యాడక చెఱలో మూలుగుచుండెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినప్పుడు మాకు మొదటి సమాధానము దొరకినది. స్వేచ్ఛగల నటులు మౌనము వహించినంతమాత్రమున చెఱలోని నటికి గాలి వచ్చునా? రాదు. పొరుగింటి శవమునకు మన మౌనము గౌరవము. పొరుగింటి బందీకి మన మౌనము రెండవ తాళము.

రహస్య పోలీసువాని నాట్యోత్సవము

మొదటి ప్రదర్శనములో హాస్యమే ప్రధానము. 1977లో మెర్మెయిడ్ థియేటరున జరిగిన రెండవదానిలో జూలీ కవింగ్టన్ గానమును, జాన్ విలియమ్స్ గిటారును చేరినవి. ఆ సంవత్సరముననే సంస్థకు నోబెల్ శాంతి బహుమానము వచ్చెను. 1979 జూన్ 27 మొదలు 30 వఱకు నాలుగు రాత్రులు మఱల హర్ మెజెస్టీస్ థియేటరున జరిగిన ప్రదర్శనముతో రాక్ సంగీతమును హాస్యముతో సరిసమానముగ గూర్చుండెను. దాని పేరు "రహస్య పోలీసువాని నాట్యోత్సవము". పోలీసువారు నృత్యోత్సవము చేసి ధర్మకార్యములకు చందాలు గూర్చు వాడుక ఆ దేశమున గలదు. అర్ధరాత్రి తలుపు తట్టి మనుష్యులను మాయము చేయు రహస్య పోలీసు అట్టి వేడుక చేయుట యెట్లుండునో యూహించి నవ్వుకొనుడని యా పేరు.

రాక్ సంగీతమనగా చెవులు బద్దలగు మ్రోతయే యని మనలో పలువురి తలంపు. పీట్ టౌన్‌షెండ్ అట్టి మ్రోతకు పేరుమోసినవాడు. ఆయన "ది హూ" అను బృందములోనివాడు. వాయించి వాయించి తుదకు రంగముమీదనే గిటారును పగులగొట్టెడివాడు. అట్టివాడు ఆ రాత్రులలో విద్యుత్తు లేని సామాన్య గిటారు నొకదానిని చేతబట్టి, ఒంటరిగా గూర్చుండి తన పాటలు పాడెను. శాస్త్రీయ గిటారు వాద్యమున ఘనుడైన జాన్ విలియమ్స్‌తో గూడి మఱియొక పాట వినిపించెను. హోరులేక విన్నప్పుడు ఆ పాటలలోని సంగీతమెంతయో జనులకు బోధపడినది.

నేడు మన పిల్లలకు "మిస్టర్ బీన్"గా పరిచితుడైన రోవన్ అట్కిన్‌సన్‌కు అప్పటికి ఇరువది నాలుగేండ్లు. ఆయన బడిపంతులు వేషమున హాజరుపట్టీ చదువుచు సభను ముంచెత్తెను. క్లీజు, పేలిన్, జోన్స్‌లతో గూడి నలుగురు ధనికుల ప్రహసనము నాడెను. నలుగురు పెద్దమనుష్యులు సుఖాసీనులై చిన్ననాటి పేదఱికమును జ్ఞప్తికి దెచ్చుకొందురు. ఒకడు తాను పడిన కష్టమును జెప్పగా, రెండవవాడు తన కష్టము దానికి రెండింతలని చెప్పును. తుదకు నమ్మరాని కోతలలోనికి దిగుదురు. "మా కాలములో" యని మొదలిడు పెద్దలు మన యిండ్లలోను లేకపోలేదు.

కాని యా ప్రదర్శనమునకు ప్రాణము పీటర్ కుక్ వ్రాసిన న్యాయమూర్తి ప్రహసనము. అప్పటికి కొద్దిదినముల క్రిందట, జూన్ 22వ తేదీన, ఒక పెద్ద విచారణ ముగిసెను. లిబరల్ పక్షమునకు నాయకుడుగ నుండిన జెరెమీ థోర్ప్ హత్యకు కుట్ర చేసెనను నేరారోపణ మది. ఆయన నిర్దోషియని జూరీ చెప్పెను. అయితే, జూరీకి విషయము వివరించునప్పుడు న్యాయమూర్తి ఒక పక్షము వంక మొగ్గెనని దేశమంతట చెప్పుకొనుచుండిరి. మొదటి రాత్రి ప్రదర్శనము చూచిన విమర్శకులు, ఇందు పాత హాస్యమే గాని నేటి లోకమును మందలించు వ్యంగ్యము లేదనిరట. కుక్ ఆ మాట విని, కొన్ని గంటలలో క్రొత్త ప్రహసనము వ్రాసి రంగమెక్కెను. న్యాయమూర్తి వేషము ధరించి, ముద్దాయిని పొగడుచు, సాక్షులను తిట్టుచు, మధ్యమధ్య తాను పక్షపాతరహితుడనని చెప్పుకొనుచు, నిర్ణయము పూర్తిగా మీదేనని జూరీకి ఒప్పగించెను. సభ దద్దరిల్లినది.

ఇచ్చట సోదరీమణులు ఒక్క నిముసము నిలువవలెను. దేశములోని ఉన్నత న్యాయమూర్తిని, తీర్పు వచ్చిన వారము తిరుగకముందే, నగరము నడిబొడ్డున నిలిచి యొకడు వెక్కిరించినాడు. ఏమైనది? ఏమియు గాలేదు. కుక్ ఆ రాత్రి యింటికి బోయి సుఖముగ నిద్రించెను. అదే మాట ఆనాడు పెక్కు దేశములలో నన్నవాడు తెల్లవాఱుసరికి మాయమైయుండును. ఎవరి కొఱకు ఆ ధనము పోగుచేయుచున్నారో వారు కోల్పోయినది సరిగా ఆ స్వేచ్ఛనే. కావున ఆ నవ్వు బందీల దుఃఖమునకు అపచారము గాదు. బందీలకు తిరిగి దక్కవలసిన వస్తువు అదియే. ఇది మాకు దొరకిన రెండవ సమాధానము.

మనకు క్రొత్తగాదు

పాటయు, నవ్వును, రాజ్యనీతియు నొకే రంగముమీద కలియుట పాశ్చాత్యుల కనిపెట్టుబడి యని యెవరును తలంపవలదు. మన బుఱ్ఱకథను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. నడుమ కథకుడు తంబుర మీటుచు కథ చెప్పును. ఇరుప్రక్కల గుమ్మెటలతో నిద్దఱు వంతలుందురు. ఒకడు హాస్యగాడు, ఒకడు నేటి లోకము సంగతి చెప్పువాడు. వీరగాథ చెప్పుచుండగనే హాస్యవంత యొక చమత్కార మాడును, రాజకీయవంత దొరతనమును సూటిగ నొక పోటు పొడుచును. 1940వ దశకమున ప్రజానాట్యమండలివారును, షేక్ నాజరుగారును ఈ కళను పల్లెపల్లెకు దీసికొనిపోయిరి. మదరాసు ప్రభుత్వమును, నైజాము ప్రభుత్వమును బుఱ్ఱకథలను నిషేధించిరి. ఒక తంబురకును, రెండు గుమ్మెటలకును ప్రభుత్వములు వెఱచినవనగా, పాటకును నవ్వుకును గల బలమెట్టిదో తేటపడుచున్నది.

సహాయార్థ ప్రదర్శనములును మనకు పరిచితములే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నందమూరి తారకరామారావుగారును, అక్కినేని నాగేశ్వరరావుగారును తక్కిన నటులతో వీధులు దిరిగి చందాలు పోగుచేసిరి. అయితే రెంటికి నొక భేదము గలదు. ఉప్పెనలో మునిగినవాని కొఱకు చేయి చాచినచో ఎవరును కాదనరు. చెఱలోనున్నవాని కొఱకు చేయి చాచినచో, "వాడేదో చేసియుండును, లేకున్న నెందుకు పట్టుకొందురు?" అను మాట వెంటనే వచ్చును. ఆ మాట నోట రానీయక ముందుగ మనసును మెత్తపఱచుటకు ఉపన్యాసము చాలదు. ఇచ్చటనే పాటయు నవ్వును పనికి వచ్చినవి.

విత్తనము మొలచిన విధము

1981 సెప్టెంబరు 9 మొదలు 12 వఱకు డ్రూరీ లేన్ థియేటరున జరిగిన ప్రదర్శనములో సంగీతము మఱింత పెరిగినది. "పోలీస్" అను బృందములోని స్టింగ్ ఒంటరిగ వచ్చి పాడెను. రహస్య పోలీసువాని యుత్సవమునకు పోలీసు బృందమువాడు వచ్చుటయే యొక హాస్యము. ఎరిక్ క్లాప్టన్, జెఫ్ బెక్ అను గిటారు విద్వాంసు లిరువురును వేర్వేఱు కాలములందు యార్డ్‌బర్డ్స్ బృందమున వాయించినవారు. వారు ఆ రాత్రులలో ప్రక్కప్రక్కన నిలిచి వాయించిరి. ఫిల్ కాలిన్స్, డోనోవన్, బాబ్ గెల్డాఫ్ వచ్చిరి. తుదకు గాయకులందఱును నొకే రంగమున జేరి, బాబ్ డిలన్ రచించిన విడుదల పాటను కలసి పాడిరి.

ఆ ప్రదర్శనముల ఫలము అచ్చటితో తీరలేదు. ఐర్లండు దేశపు గాయకుడు బోనో యీ ప్రదర్శనమును చూచి, అది తనలో విత్తనము నాటెనని చెప్పెను. 1986 జూన్ నెలలో ఆమ్నెస్టీ కొఱకు అమెరికాలో ఆఱు సంగీతసభలు జరిగినప్పుడు ఆయన తన "యూ టూ" బృందముతోను, స్టింగుతోను, పీటర్ గాబ్రియెల్, జోన్ బేజ్ మున్నగువారితోను పాల్గొనెను. దక్షిణాఫ్రికాలో 1977లో పోలీసు నిర్బంధమున మరణించిన స్టీవ్ బీకో పేర గాబ్రియెల్ కట్టిన పాటను వేలకొలది యువకులు గొంతు కలిపి పాడిరి. ఆ పేరే యెఱుగని పిల్లలు దానిని నేర్చుకొని యింటికి బోయిరి. డ్రూరీ లేన్‌లో పాడిన గెల్డాఫ్‌యే 1985 జూలై 13న ఇథియోపియా కఱవు బాధితుల కొఱకు "లైవ్ ఎయిడ్" అను మహాసభ జరిపినవారిలో ముఖ్యుడు.

1988లో మానవహక్కుల ప్రకటనకు నలువదియేండ్లు నిండిన సందర్భమున బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, గాబ్రియెల్, ట్రేసీ చాప్మన్, సెనెగల్ దేశపు యూసూ ఎన్డూర్ అను వారు లోకమంతట ఇరువది సభలు జరిపిరి. సెప్టెంబరు 30న వారు మన ఢిల్లీ నగరమున జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణమున పాడిరి. సభకు వచ్చినవారికి మానవహక్కుల ప్రకటన ప్రతులు పంచిపెట్టిరి.

ఆ ప్రకటన మాట వచ్చినది గనుక మన స్త్రీలు గర్వింపదగిన సంగతి యొకటి చెప్పక తప్పదు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి యంగీకరించిన యా ప్రకటనను సిద్ధపఱచిన సంఘమునకు ఎలియనర్ రూజ్వెల్టు అధ్యక్షురాలు. మన దేశపు ప్రతినిధి హంసా మెహతా. మొదటి చిత్తులో "పురుషులందఱును" స్వతంత్రులుగ సమానులుగ జన్మించిరని యర్థము వచ్చుచుండగా, ఆ మాటను మార్చి "మానవులందఱును" అని వ్రాయవలెనని ఆమె పట్టుబట్టెను. ఆ మార్పు నిలిచినది. ఆ యొక్క మాట లేనిచో స్నేహలతారెడ్డి వంటివారి హక్కు లెక్కలోనికి రాకయే పోయెడిది.

కొన్ని సందేహములు

ఇందులో దోషములు లేవని మేమనము. ఆ తొలి ప్రదర్శనములలో రంగమెక్కిన వారిలో పురుషులే మిక్కుటము. 1976లో ఎలియనర్ బ్రాన్, 1981లో విక్టోరియా వుడ్, పమేలా స్టీఫెన్‌సన్ వంటి స్త్రీలు వ్రేళ్ళమీద లెక్కింపదగిన వారే. స్త్రీల హాస్యమునకు చోటు దొరకుటకు ఇంకను కాలము పట్టెను. ధర్మకార్యము పేర తమ కీర్తిని పెంచుకొనిన నటులును గాయకులును లేకపోలేదు. ఆమ్నెస్టీ చెప్పిన ప్రతి మాటయు వేదవాక్కని యెంచువారమును గాము. దానికిని ప్రభుత్వములకును తగవులు తఱచు. మన దేశమున విదేశద్రవ్యపు చట్టమును అతిక్రమించెనని ప్రభుత్వము నేరము మోపగా, సంస్థ కాదనగా, బ్యాంకు లెక్కలు స్తంభింపజేయబడి, 2020 సెప్టెంబరులో దాని భారతశాఖ పని నిలిపివేసెను. ఎవరి మాట యెంత నిజమో తూచి చూచుకొనుట చదువరుల పని.

సంగీతసభ వలన చెఱసాల తలుపులు వాటంతట అవి తెఱచుకొనవు. మఱునాడు మరల జాబు వ్రాయువారు కావలెను. టిక్కెట్టు కొని నవ్వి యింటికి వచ్చినవాడు జాబు వ్రాయనిచో ఆ నవ్వు వట్టి వినోదమే. కాని ఎన్నడును చెఱసాల మాట యెత్తని యింటికి ఆ మాటను మోసికొనిపోయినది ఈ నవ్వే గదా! ఉపన్యాసమునకు పిలిచినచో వచ్చువారు ముందే యా విషయమెఱిగినవారు. క్లీజును జూచుటకును, టౌన్‌షెండు పాట వినుటకును వచ్చినవారు ఏమియు నెఱుగనివారు. వారిలో కొందఱైనను ముండ్లతీగ చుట్టిన క్రొవ్వొత్తి బొమ్మగల కాగితమును చేతబట్టుకొని యింటికి బోయిరి.

పొరుగింటి మర్యాదతో నీ వ్యాసమును మొదలిడితిమి. ఆ మర్యాద మంచిదే, దానిని విడువవలదు. శవము లేచు యింటి యెదుట బాజాలు వలదు. కాని పొరుగింటివాని నెవరో రాత్రివేళ యెత్తుకొనిపోయినప్పుడు, మనము తలుపులు బిగించుకొని దీపములార్పి కూర్చుండుట మర్యాద యనిపించుకొనదు. అట్టి వేళ వీధిలోనికి వచ్చి, వాని పేరు బిగ్గఱగ బిలువవలెను. పాటగా బిలిచినను సరియే, నవ్వుచు బిలిచినను సరియే. చెఱలోనివాడు కోరునది మన కన్నీరు గాదు. తన పేరును మనము మఱవకుండుట.